కోట బస్సులో దొరికిన భాష

"ఉన్న భాషలోనే మీ మాట ఎవరూ వినరు. ఇంకోటి ఎందుకండీ?" అంది మా ఆవిడ. గూడూరు అవతల కోట అనే ఊరి దగ్గర గుడారాలు వేసుకుని ఉండే నక్కలవాళ్లు పూసలూ సూదులూ అమ్మేటప్పుడు తెలుగే మాట్లాడతారు గానీ, వాళ్లలో వాళ్లు మాట్లాడుకునే భాష ఎవరికీ అంతుపట్టదని మా బడి లెక్కల మేష్టారు చెప్పారు. నేను హిందీ పండితుణ్ణి. నాకు అంతుపట్టని భాషా! ఆదివారం పొద్దున నెల్లూరులో ఆరున్నర ప్యాసింజరు ఎక్కేశాను.

ఎనిమిదికి గూడూరు. స్టేషను ఎదుట హోటల్లో ఇడ్లీ తినండి, పూరీ జోలికి పోకండి. నేను పోయాను, మధ్యాహ్నం దాకా నూనె త్రేన్పులే. తొమ్మిదింటి కోట బస్సులో కుడిపక్క కూర్చుంటే ఎండ తగలదు. ఆ రోజు ఆ పక్కంతా నిమ్మకాయల బస్తాలే ఉన్నాయి. నేనూ ఒక బస్తా మీదే సర్దుకున్నాను.

నా ఎదుటి సీట్లో ఒక అభ్రకం వ్యాపారి, గుజరాతీ సేఠు. గూడూరులోనే తల నెరిసిన మనిషి, తెలుగు నాకన్నా జోరుగా మాట్లాడతాడు. బొజ్జకు సీటు చాలదు. ఆయన పక్కన, నా అదృష్టం చూడండి, నేను వెతకబోతున్న నక్కలవాళ్లే! సింగన్న అనే ముసలాయన, ఆయన భార్య. ఆమె ఒళ్లో పాత గుడ్డల మూట.

"కండక్టరూ, ఆ మూట కంపు కొడతా ఉండాది. పైన వేయించు," అన్నాడు సేఠు.

కండక్టరు చెయ్యి చాపాడో లేదో, ముసలామె కెవ్వుమంది. సింగన్న దణ్ణం పెట్టాడు. "అది మా అమ్మవారు సామీ. తాతల కాడి నుంచి వస్తా ఉండాది. ఉతకగూడదు, పరాయోళ్లు తాకగూడదు. కోటలో మావోడికి పిల్లనిస్తామన్నారు. అమ్మవారికి పరాయి చెయ్యి తగిలిందంటే ఇంక పిల్లనియ్యరు."

"పైన అమ్మవారికి గాలి బాగా తగల్తాదిలే," అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది. "కాదంటే దిగండి."

ముసలామె సేఠు వైపు తిరిగి తన భాషలో తిట్లు అందుకుంది. అబ్బబ్బ, ఏం ధాటి! నేను చెవులు రిక్కించాను. ఒకటీ అరా మాటలు తెలిసినట్టే ఉండి జారిపోతున్నాయి. "చెడిపోయిన ఉర్దూ," అని పక్క బస్తా మీది రైతుకు ధీమాగా చెప్పేశాను.

ఇంతలో సేఠు మొహం ఎర్రబడింది. బొజ్జ కదిలింది. చూస్తే పగలబడి నవ్వుతున్నాడు.

"బొజ్జలో మేకపిల్లను దాచినానంట!" అని మాకు చెప్పి, ఆమెతో గుజరాతీలో ఏదో అన్నాడు. ముసలామె నోరు తెరిచింది. ఆమె తన భాషలో ఒక మాట, ఆయన తన భాషలో ఒక మాట. ఇద్దరికీ అర్థమవుతోంది! రైతు నా వైపు జాలిగా చూశాడు.

"ఈ పక్కకి ఎట్టా వచ్చినారు?" అని సేఠు తెలుగులో అడిగాడు.

"మా పెద్దలు ఎవరో ఉత్తరాది రాజు దండులో వేటగాళ్లంట," అన్నాడు సింగన్న. "రాజు ఓడిపోయినాక అడవి దారంట వచ్చేసినారంట. ఇప్పుడు బస్సు యాడ ఆగితే అదే మా ఊరు."

చిల్లకూరులో దిగవలసిన సేఠు దిగలేదు. లేచి, నడవలో కాళ్లు ఎడంగా పెట్టి, చేతులు చాపి, మూటకు అడ్డంగా నిలబడ్డాడు. ఆ బొజ్జను దాటి ఈగ కూడా పోలేదు.

"సేఠూ, నేను ముందుకెట్టా పోవాల?" అన్నాడు కండక్టరు.

"కిటికీలోంచి పో."

పదిన్నరకు కోట. బస్సు దగ్గరికి వచ్చిన పిల్ల తరఫు పెద్దమనిషి మూట వంక అనుమానంగా చూసి, "పరాయోళ్లు ఎవురన్నా తాకినారా?" అన్నాడు. "లేదు, లేదు!" అని బస్సు కిటికీలన్నీ అరిచాయి. నేను హిందీలో కూడా అరిచాను. పెద్దమనిషి నవ్వి తలూపాడు. సింగన్న అక్కడే రోడ్డు మీద గంతులేశాడు.

తిరుగు ప్రయాణం నాలుగింటి బస్సులో, నేనూ సేఠూ పక్కపక్కనే. ఒక భాష ఎక్కడ పుట్టిందో కనుక్కుందామని పోయినవాణ్ణి, ఒక్క మాటైనా నేర్చుకోకుండానే తెగ సంతోషంగా ఉన్నాను. సేఠు మాత్రం కిటికీలోంచి వెనక కోట వైపే చూస్తున్నాడు.

"దిగేటప్పుడు ముసలామె మీతో ఏమంది?" అని అడిగాను.

"ఎవరింటి పిల్లోడివిరా నువ్వు, అనింది."

"ఏం చెప్పారు?"

"మా అమ్మ పోయినాక ఆ యాసలో నన్ను 'ఏరా' అన్నోళ్లు లేరు పంతులుగారూ. మా నాయన పేరు చెప్పబోయి మా అమ్మ పేరు చెప్పేసినా." కళ్లు తుడుచుకున్నాడు. గూడూరు వచ్చింది. దిగుతూ వెనక్కి తిరిగి అన్నాడు: "మళ్లీ ఆదివారం పోతా. ఇంకా తిట్లు మిగిలే ఉంటాయి గదా."