పెట్రోలత్త చెవి

పెట్రోలత్త షెడ్డులో రెండే నియమాలు. ఇంజను తిరుగుతున్నప్పుడు ఎవరూ నోరెత్తకూడదు. విప్పిన ప్రతి భాగాన్నీ విప్పిన వరసలోనే తెల్లగుడ్డ మీద పెట్టాలి. ఆమెకు పని నేర్పినవాళ్లెవరూ లేరు. పెళ్లయిన కొత్తలో మొగుడి స్కూటరు మొరాయిస్తే, కార్బురేటర్ విప్పి వంటింటి పళ్లెంలో పరుచుకుని, మళ్లీ బిగించేదాకా పొయ్యి వెలిగించలేదట.

మేనల్లుడూ మెకానిక్కే. సొంత షెడ్డుంది, కొత్త మీటర్లున్నాయి. ఇన్నేళ్లలో అత్తను ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. ఆ రోజు మాత్రం పాత ఎర్ర స్పోర్ట్స్ కారులో, దారిలో రెండుసార్లు ఆగి మరీ, ఆమె దగ్గరికే వచ్చాడు.

"తల ప్రాణం తోకకొచ్చిందత్తా. పంపు మార్చాను, ఫిల్టరు మార్చాను, రెండు కార్బురేటర్లూ కడిగాను. పావుగంట పులిలా పరిగెడుతుంది, తర్వాత దగ్గి ఆగిపోతుంది."

పక్క సీట్లోంచి దిగినావిడ రిటైరైన నర్సు. ముప్పయ్యేళ్లుగా ఆ కారు ఆమెదే. "మొన్న లారీల మధ్య ఆగిపోయిందమ్మా. ఇంక నాకు ధైర్యం లేదు. సాయంత్రం పాత ఇనుము వ్యాపారిని రమ్మన్నాను," అంది. అంటూనే తలుపు మీది దుమ్మును చేతిరుమాలుతో తుడిచింది.

అత్త అది చూసింది. మేనల్లుడి వైపు తిరిగింది.

"ఆగిపోగానే ముందు ఏం చేస్తావురా?"

"ట్యాంకు మూత తీసి పెట్రోలుందా అని చూస్తాను. నిండుగానే ఉంటుంది. కాసేపటికి మళ్లీ స్టార్టవుతుంది కూడా."

"పద."

ఉన్నవి రెండే సీట్లు. నర్సు షెడ్డులో స్టూలు మీద కూర్చుండిపోయింది.

గోదాముల మలుపు దగ్గర కారు దగ్గి ఆగింది. అలవాటు కొద్దీ అతను దిగి వెనక్కి పరిగెత్తాడు.

"ఆగు! మూత ముట్టుకున్నావంటే చెయ్యి విరుగుతుంది. వచ్చి తాళం తిప్పు."

తిప్పాడు. అందుకోలేదు. పది నిమిషాలాగి మళ్లీ తిప్పాడు. ఉహుఁ. అప్పుడు అత్త అతన్ని ట్యాంకు దగ్గరికి పిలిచి, చెవి ఆనించమని, మూతను ఒక్క చుట్టు వదులు చేసింది.

స్‌స్‌స్‌స్... చాలాసేపు మునిగి పైకి తేలిన మనిషి గుండెల నిండా గాలి పీల్చుకున్నట్టు.

"పెట్రోలు ఖాళీ చేసిన చోటికి గాలి రావాలి కదరా. దారి లేకపోతే పంపు మాత్రం ఏం లాగుతుంది? అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని."

మూత తిరగేసింది. లోపల గాలి కోసం పెట్టిన సూదిమొనంత రంధ్రం మీద నల్ల రబ్బరు వాషరు, చక్కగా గుండ్రంగా. అతను దాన్ని గుర్తుపట్టాడు. పెట్రోలు వాసనొస్తోందని నర్సు అంటే, పోయిన నెల పాత ట్యూబులోంచి తన చేత్తో కత్తిరించి వేసిందే అది. ఆగిన ప్రతిసారీ మూత తీసి, గాలి పోనిచ్చి, ఆ లోపాన్ని తానే మాయం చేస్తూ వచ్చాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

"కత్తిరింపు బాగుంది," అంది అత్త. "వాసనొస్తే మన ముక్కు మూసుకోవాలి గానీ, కారు ముక్కు మూస్తారట్రా? వాసన ఎక్కణ్ణించో రేపు గొట్టాలు చూద్దాం."

జేబుకత్తితో వాషరు నడుమ చిన్న ముక్క కోసి తీసింది. అంతే. కారు గోదాములు దాటింది, వంతెన దాటింది, ఎక్కడా ఆగలేదు. నలభై నిమిషాలూ అతను నోరెత్తలేదు.

తిరిగి వచ్చేసరికి నర్సు లేచి నిలబడింది. అత్త మేనల్లుడి వంక చూసింది.

"తప్పు నాదేనమ్మా. నేను వేసిన వాషరే గాలిని ఆపేసింది."

నర్సు అతన్ని ఒక్క క్షణం తేరిపార చూసి, ఫోను తీసింది. "అయ్యా, మీరు రావద్దు. అమ్మడం లేదు." తర్వాత డ్రైవరు సీట్లో కూర్చుని అత్తతో, "వస్తారా, ఒక చుట్టు?" అంది.

ఇద్దరూ వెళ్లారు. అతను పిడికిట్లో ఆ రబ్బరు ముక్కతో షెడ్డు గుమ్మంలోనే నిలబడ్డాడు. పావుగంట దాటాక అదే చప్పుడు వంతెన వైపు నుంచి దగ్గరవుతూ వినిపించింది. ఒక్క దగ్గు కూడా లేదు.