మూతి విప్పిన రెండు బస్తాలు

ఆ సాయంత్రం చోడవరంలో మా సేవా క్లబ్బు హాల్లో ఉన్నవి: సభ్యులు ఇరవై ఇద్దరు, ముఖ్య అతిథిగా విశాఖపట్నం నుంచి వచ్చిన డాక్టరు ఒకరు, ఫొటోగ్రాఫరు ఒకరు, మైకు ఒకటి, బంతిపూల దండలు మూడు, విరేచనాలకు నీళ్ళలో కలిపి తాగే పొడి పొట్లాలు రెండు వందలు, వేదిక ముందు బ్లీచింగ్ పౌడర్ బస్తాలు రెండు. మినిట్స్ పుస్తకంలో ఈ జాబితా రాసింది నేనే. బస్తాల మూతులు విప్పి ఉన్నాయని మాత్రం రాయలేదు.

తొంభైల మొదట్లో ఒక వానాకాలం. దేశదేశాలు తిరుగుతున్న కలరా మా చుట్టుపక్కల ఊళ్ళలోకీ వచ్చింది. రావికమతం వైపు ఒక ఊళ్ళో మా పిన్ని ఉండేది. అమ్మకు చెల్లెలు. హైస్కూలు చదువంతా నేను ఆవిడ ఇంట్లో ఉండే చదివాను. వాళ్ళ వీధిలో అప్పటికే ఇద్దరు మంచాన పడ్డారు. పిన్ని నూతి నీళ్ళు ప్రతి బిందే కాచి తాగుతోంది. పొయ్యిలోకి ఉన్నది వానకు తడిసిన చెరుకాకు. ఊది ఊది కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఒరే బాబూ, మీ కల్బోళ్ళు నూతుల్లో మందేస్తారంట గదా. ఎప్పుడేస్తారో సెప్పు. ఈ పొగకి సచ్చిపోతన్నాను," అంది.

"వారంలో వేస్తాం పిన్నీ. అందాకా కాచే తాగండి," అన్నాను.

నాకు అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. కెమిస్ట్రీ చదివి చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసేవాణ్ణి. అందుకే ఏ నూతికి ఎంత మందు వేయాలో లెక్క కట్టే పని క్లబ్బు నాకు అప్పజెప్పింది.

మా క్లబ్బుకు ఒక పద్ధతి ఉండేది. రక్తదానమైనా, కళ్ళద్దాల పంపిణీ అయినా, ముఖ్య అతిథి వచ్చి మొదటి చెయ్యి వేస్తే తప్ప పని మొదలయ్యేది కాదు. ఈసారి డాక్టరుగారు బస్తాలోంచి మొదటి గరిటెడు పౌడరు తీసి బకెట్లో వేయాలి. ఆయన రేపు వస్తారనగా మా ప్రెసిడెంటుగారు బస్తాల కుట్లు కోయించారు.

"మూతులు కిందకి మడిసి పెట్టండి. ఫొటోలో తెల్లగా పడాల," అన్నారు.

ఆ రోజు హాల్లో పౌడరు ఘాటుకు అందరికీ కళ్ళు మండాయి. సాయంత్రం ఫోను వచ్చింది. వార్డులు నిండిపోయాయి, డాక్టరుగారు గురువారానికి గాని రాలేరు.

"బస్తాలు మళ్ళీ కట్టేద్దామా సార్? గాలి తగిలితే గుణం పోతుంది," అన్నాను.

"మూడ్రోజుల కోసం కట్టడవెందుకు, విప్పడవెందుకు? నీకు ల్యాబు సాదస్తం బాబూ," అన్నారు ప్రెసిడెంటుగారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

గురువారమూ ఆయన రాలేదు. ఆయన రాకుండానే నూతుల్లో వేసేద్దామని ఒకసారి అన్నాను. "మరాయనొచ్చి ఏటి సేస్తాడు? ఉప్మా తిని ఎలిపోతాడేటి?" అన్నారు ట్రెజరరుగారు. మళ్ళీ నవ్వులు. అలా పద్దెనిమిది రోజులు గడిచాయి. హాలు కిటికీలకు అద్దాలు లేవు. రోజూ జల్లు కొట్టేది.

చివరికి డాక్టరుగారు వచ్చారు. నిద్ర లేని ముఖం. అయినా చక్కగా మాట్లాడారు. నేను అంకెలు వేసుకుంటూ రాసుకున్నాను. ఒకటి, నీళ్ళు కాచి తాగాలి. రెండు, విరేచనాలు మొదలైన గంట నుంచే ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పట్టాలి. మూడు, చేతులు కడుక్కోవాలి. నాలుగు, బ్లీచింగ్ పౌడరు గాలి తగలకుండా కట్టి ఉంచాలి. ఆయన దాన్ని రెండుసార్లు చెప్పారు. నేను ఒకసారి రాసి కింద గీత గీశాను. నా ముందే ఉన్న బస్తాల వైపు తలెత్తి చూడలేదు. తర్వాత ఆయన గరిటెడు పౌడరు తీసి బకెట్లో వేశారు. ఫొటో తీశారు. చప్పట్లు కొట్టాం. ఎవరూ దగ్గలేదు. ఎవరికీ కళ్ళు మండలేదు.

మర్నాడు పిన్ని వాళ్ళ నూతి దగ్గర టేపు పట్టి కొలిచాను. అడ్డుకొలత ఏడడుగులు, నీళ్ళు పదడుగులు. పదకొండు వేల లీటర్లు. వెయ్యికి రెండున్నర గ్రాముల చొప్పున కట్టి, తూచి, కలిపి, బకెట్‌ను తాడుతో దించాను. లెక్కలో ఎక్కడా తప్పు లేదు.

"నూతికి సున్నం కొడతన్నాడు మీ అక్క కొడుకు. పెళ్ళేటి దానికి?" అంది గట్టు మీదున్న ఎదురింటావిడ.

"ఊరుకోయే, సదువుకున్న గుంటడు," అని పిన్ని నా వైపు తిరిగింది. "ఇంక కాయక్కర్లేదా బాబూ?"

అప్పుడైనా నాలుగో అంకె గుర్తు రావాలి. పౌడరులో క్లోరిన్ ఎంత మిగిలిందో చూడడం ల్యాబులో ఇరవై నిమిషాల పరీక్ష. పిన్ని ఎర్రటి కళ్ళు చూశాను.

"గంట ఆగి తోడుకోండి. కాయక్కర్లేదు పిన్నీ," అన్నాను.

ఐదో రోజు తెల్లవారుజామున ఆవిడకు వాంతులు మొదలయ్యాయి. మేమిచ్చిన పొట్లాలు పట్టినా నిలవలేదు. బాబాయి ఆటోలో చోడవరం తీసుకొస్తుంటే దారిలోనే పోయింది. నేను ఆసుపత్రి గేటు దగ్గర ఎదురు చూస్తున్నాను. ఆటో ఆగాక బాబాయి దిగలేదు. పిన్ని తల ఒళ్ళోనే ఉంది.

"నువ్వు సెప్పిన కాడి నుంచీ పొయ్యి మీద నీళ్ళెట్టలేదురా. మందేసేడు గదా మావోడు, అనీది," అన్నాడు.

ఆ మాటలో నిందేమీ లేదు. ఉంటే బాగుండేది. పొలంలో ఏ కాలవ నీళ్ళు తాగిందో అని తర్వాత తనే అన్నాడు. కావచ్చు. అది కాదని నేను రుజువు చేయలేను. అవునని నమ్మనూ లేను.

పదోరోజు అయ్యాక హాలుకు వెళ్ళాను. బస్తాల్లో మిగిలిన పౌడరు గడ్డ కట్టి ఉంది. కొంచెం పొట్లం కట్టుకుని ల్యాబుకు తెచ్చాను. మూడుసార్లు పరీక్ష చేశాను. మూడుసార్లూ ఒకటే వచ్చింది. క్లబ్బులో చెప్పలేదు, బాబాయికీ చెప్పలేదు.

బస్తా మీద అచ్చు వేసిన క్లోరిన్: ముప్పై మూడు శాతం. పొట్లంలో ఉన్నది: తొమ్మిది.