మూడు వారాల శనివారం

ఆ రోజుల్లో నాకు దేవుడికంటే మా అవ్వంటేనే భయం ఎక్కువ. హోసూరులో డబ్బాలకు మూతలు బిగించే యంత్రాలు తయారుచేసే ఒక కంపెనీలో కొత్తగా చేరాను. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. అది అయ్యేదాకా నేను ప్రతి ఆదివారం సూర్యుణ్ణి కళ్లారా చూసి దణ్ణం పెట్టుకున్నాకే మంచినీళ్లైనా ముట్టాలని, హోసూరు పక్కనే మత్తిగిరిలో మా ఇంటి ముందు నిలబడి అవ్వ మొక్కేసింది. (మొక్కింది ఆవిడ, మాడేది నా కడుపు.) మబ్బు పట్టినా మినహాయింపు లేదు. ఒక వానాకాలపు ఆదివారం మధ్యాహ్నం రెండింటిదాకా మిద్దె మీద గొడుగు పట్టుకుని ఆకాశాన్ని బతిమాలుకున్నాను. "బొటనవేలంత కనపడినా చాలమ్మా. కానీ కనపడాల" అంటూ ఉండేది కిందినుంచి, తాను మాత్రం శుభ్రంగా ఇడ్లీలు తిని.

అలాంటి నన్ను డిసెంబరు మొదట్లో నార్వేకి పైకొసన ఉండే ట్రామ్సోకి పంపారు. అక్కడ చేపల్ని డబ్బాల్లో పెట్టి అమ్మేవాళ్లు మా యంత్రం కొన్నారు. దాన్ని బిగించడానికి వెళ్లాల్సిన పెద్దాయన సరిగ్గా అప్పుడే కాలు విరగ్గొట్టుకున్నాడు. "మూడు వారాలు. సరిగ్గా నడిపించి వస్తే ఉద్యోగం పర్మనెంట్" అన్నాడు మేనేజరు. "హోసూరు చలిలో పెరిగినదాన్ని సార్, నాకేం" అని గొప్పలు పోయి, రెండు స్వెట్టర్లు, ఒక మంకీ క్యాపు కొనుక్కున్నాను. చలి గురించి కనపడినవాళ్లనల్లా అడిగాను. కొత్త ఊరికి వెళ్లేముందు అక్కడ బస్సులున్నాయా, హోటళ్లున్నాయా అని అడుగుతాం గానీ, సూర్యుడున్నాడా అని ఎవరు అడుగుతారు?

చేరింది శనివారం సాయంత్రం. చీకటిగా ఉంది, సాయంత్రం కదా అనుకున్నాను. నాకు గది అద్దెకిచ్చిన ముసలావిడకు జుట్టంతా తెలుపు, అందుకని మనసులోనే తెల్లవ్వ అని పేరు పెట్టుకున్నాను. ఆదివారం ఆరింటికే లేచి, స్నానం చేసి, ఫోన్లో తూర్పు ఎటో చూసుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. ఏడయింది, ఎనిమిదయింది, తొమ్మిదీ అయింది. పదింటికి ఆకాశం కాస్త నీలంగా మారి, ఇంతకంటే నా వల్ల కాదన్నట్టు అక్కడే ఆగిపోయింది. బల్ల మీద రొట్టె, జున్ను, కాల్చిన చేప, పొగలు కక్కే కాఫీ. ఎందుకు తినడం లేదని తెల్లవ్వ అడిగింది. సూర్యుడు రావాలన్నాను. ఎన్నింటికొస్తాడని కూడా అడిగాను. ఆవిడ కాఫీ కూజా కింద పెట్టి, గోడమీది క్యాలెండరు దగ్గరికెళ్లి, ఒక కాగితం తిప్పి, జనవరి నెల మధ్యలో వేలు పెట్టింది.

మొక్కు తప్పితే ఉద్యోగం పోతుందని అప్పట్లో నిజంగా నమ్మేదాన్ని. అవ్వకు ఫోన్ చేశాను. అక్కడ మధ్యాహ్నం రెండున్నర.

"అవ్వా, ఈడ సూర్యుడు రాలేదు."

"మబ్బా?"

"మబ్బు కాదవ్వా. జనవరిదాకా రాడంట."

"ఈడ ఉండాడే. ఇప్పుడే రాగులు ఎండబోసి వచ్చినాను" అంది.

"అట్లైతే వీడియోలో చూపించవ్వా, మొక్కుకుంటాను."

"అన్నం కూడా వీడియోలోనే తింటావా?" అంది. నేను ఏడవడానికి సిద్ధమవుతుంటే మళ్లీ తనే అందుకుంది. "యాడైనా పొద్దు పుడితేనే కదమ్మా కొత్త దినం. పుట్టలేదంటే ఆడ ఆదివారమే రాలేదు. నువ్వు పోయి దిగింది ఏ దినం?"

"శనివారం."

"ఇంకా శనివారమే. దిగులు పడకుండా తిను."

ఆ తీర్పు విన్నాక ప్రాణం లేచివచ్చింది. పళ్లెం ముందుకు లాక్కున్నాను. అవ్వ ఇంకా ఫోన్ పెట్టలేదు. "శనివారం అంటే ఏడుకొండలవాని దినం. చేపా గీపా ముట్టబాకు" అంది.

అలా ఆ మూడు వారాలూ నాకు శనివారమే. ఊరంతా చేపలు, పనిచేసేది చేపల దగ్గర, ఇంటికొస్తే తెల్లవ్వ వెన్నలో వేయిస్తున్న చేపల వాసన. నేను బంగాళదుంపలు తింటూ కూర్చునేదాన్ని. తన వంట నచ్చలేదేమోనని ఆవిడ మొదట చిన్నబుచ్చుకుంది. మా అవ్వ లెక్క వివరించాక నాకంటే నిష్ఠగా తయారైంది. రోజూ పొద్దున తెర తొలగించి చూసి, "ఇంకా శనివారమే" అని, చేపల పళ్లెం తనవైపు జరుపుకునేది. నేను బయల్దేరే ముందురోజు మధ్యాహ్నం దక్షిణాన కొండల వెనక ఎర్రగా ఒక చార కనపడింది. ఆవిడ వేయించిన చేపతో పరుగెత్తుకొచ్చి, "ఇది చాలదా?" అంది. నోరూరుతూనే చూశాను. బొటనవేలంత కూడా లేదు. చాలదన్నాను. నాకంటే ఆవిడే ఎక్కువ బాధపడింది.

బెంగళూరులో దిగి మత్తిగిరి చేరేసరికి ఆదివారం ఉదయం. కృష్ణగిరి డ్యాం చేపలు తెప్పించి అవ్వ పులుసు పెట్టింది. ఆ వాసనకు బ్యాగు వీధిలోనే వదిలేసి పీట మీద కూర్చున్నాను. అవ్వ కంచం వెనక్కి లాగింది. "ఈ దినం ఆదివారం. పోయి చూసి మొక్కి రా." మిద్దెక్కితే ఏముంది, ఎదురింటి వాకిలి కూడా కనపడనంత మంచు. "మూడు వారాలు కాచుకున్నదానివి, ఇంకొంచెంసేపు కాచుకోలేవామ్మా" అంది కిందినుంచి. పదవుతుండగా వచ్చాడు, సరిగ్గా బొటనవేలంత.

ఉద్యోగం పర్మనెంటయింది. అది సూర్యుడి చలవని అవ్వ, యంత్రం చలవని మేనేజరు అన్నారు. ఆ బంగాళదుంపల చలవేనని నా అభిప్రాయం. ఆ పైన అవ్వ ఆ మొక్కు నా మీదినుంచి తీసి తన మీద వేసుకుంది, నేను చల్లగా ఉండాలని. ఇప్పుడావిడకు చూపు ఆనదు, మెట్లెక్కలేదు. ఆదివారం పొద్దున నేను మిద్దె మీదికి వెళ్లి చూసొచ్చి చెబితేనే కాఫీ తాగుతుంది. "ఏమ్మా, వచ్చినాడా?" అని మంచం మీదినుంచి అడుగుతుంది. వానాకాలంలో చాలా ఆదివారాలు రాడు. "వచ్చినాడవ్వా, బొటనవేలంత" అంటాను. అంత దూరాన, ఎవరూ చూడని చోట, కళ్లెదుట ఎర్రచార కనపడినా చేప ముట్టని ఆ మొండిపిల్ల ఇప్పుడు నన్ను చూస్తే ఏమంటుందో. అవ్వ కిటికీవైపు తిరిగి చేతులు జోడిస్తుంది. ఆవిడ దణ్ణం పెట్టుకోవడం అయ్యేలోగా నేను కాఫీ కలిపేస్తాను.