తునికాకు పొట్లం

పురుషోత్తం సారు రోజూ పొద్దున బడికి పోతూ భూదవ్వ వాకిట్లో సైకిల్ ఆపేవాడు. ఆమె అప్పటికే గడప దగ్గర కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ ఉండేది. పెరట్లోని నందివర్ధనాలు కోసి, బీడీలకు కత్తిరించగా మిగిలిన తునికాకులో పొట్లం కట్టి ఉంచేది. "సరస్వతమ్మకు నా పేరు చెప్పు సారూ" అనేది. ఎల్లారెడ్డి దగ్గరి ఆ పల్లెలోని చిన్న బడిలో, సరస్వతి పటానికి ఆ పూలు పెట్టి, దీపం వెలిగించాకనే సారు హాజరు పిలిచేవాడు.

2012 వానాకాలంలో కామారెడ్డిలో టీచర్లకు శిక్షణ పెట్టారు. యుద్ధాలు, వేడెక్కుతున్న భూమి, పొగాకు నిషేధం, ఇలా లోకమంతా వాదులాడుకునే సంగతులను పిల్లల ముందు ఎలా పెట్టాలో చెప్పడానికి. "తీర్పు మీరు చెప్పకండి సార్. పిల్లల్ని మాట్లాడనివ్వండి. ఆ సంగతి ఎవరింట్లో ఉందో ముందు తెలుసుకోండి" అని శిక్షణ ఇచ్చే లిదియా మేడం పదే పదే అన్నది. సారు తలూపాడు. పొగాకు చెడ్డదనడానికి మళ్లీ వాదమేమిటని మాత్రం మనసులో అనుకున్నాడు.

తిరిగొచ్చి పొగాకు పాఠం చెప్పాడు. పాఠంతో ఆగలేదు. పిల్లలందరినీ పటం ముందు నిలబెట్టి, దీపం సాక్షిగా ఒట్టు వేయించాడు. "పొగాకు ముట్టను. ముట్టినవాళ్ల చేతి అన్నం తినను." రెండో మాట అప్పటికప్పుడు నోటికొచ్చింది. బాగుందనిపించింది కూడా.

తోటి సారు మహిపాల్ నవ్వాడు. "బీడీలు చుట్టని ఇల్లున్నదా ఈ ఊళ్లె? రాత్రికి అందరికి నువ్వే వండిపెడ్తవా ఏంది?"

పురుషోత్తం కూడా నవ్వేశాడు.

మిగతా పిల్లలు సాయంత్రానికే ఆ ఒట్టు మరిచిపోయారు. భూదవ్వ బిడ్డ చందన మరవలేదు.

తెల్లారి సైకిల్ ఆపితే భూదవ్వ పూలిచ్చింది. పొట్లం కాగితంతో కట్టి ఉంది.

"ఆకు లేదా అక్కా?"

"ఆకు పాపం గద సారూ, అమ్మోరికెట్ల పెడ్తం?" ఆ గొంతులో కోపం లేదు. "బిడ్డ రాత్రి బువ్వ ముట్టలే. చేతులు సబ్బుతోని రుద్ది రుద్ది కడిగిన. వాసన పోదాయె." చాయ పోస్తానని ఎప్పటిలాగే లేవబోయి, తన చేతులు చూసుకుని మళ్లీ కూర్చుంది.

గోడవారన నిలబడిన చందన మొహం వాడిపోయి ఉంది. అయినా సారును చూసి నవ్వింది. "నేను ఒట్టు తప్పలే సారూ" అన్నది, మెచ్చుకుంటాడని.

సారు తల ఎత్తలేకపోయాడు. ఇన్నేండ్లూ ఆ ఆకులో వచ్చిన పూలనే అమ్మవారికి పెట్టాడు. ఒట్టు వేయించేటప్పుడు మాత్రం ఆ ఆకూ గుర్తు రాలేదు, ఆ చేతులూ గుర్తు రాలేదు.

"ఆ ఒట్టు నేనే పెట్టిన బిడ్డా. తప్పు నాది. నేనే తీసేస్తున్న."

"దీపం ఊకుంటదా సారూ?"

సారు సైకిల్ గోడకు ఆనించి గడప మీద కూర్చున్నాడు.

"అక్కా, చాయ పొయ్యి. నీ చేతితోనే పొయ్యి. బిడ్డ ముంగట తాగుత. ఇంకోటి అడుగుత, కాదనకు. ఇయ్యాల చాట పట్టుకొని బడికి రా. పొగాకు పానానికి చెడ్డదని నేనంట. ఎందుకు చుడుతున్నవో నువ్వు చెప్పు. పిల్లలు ఏమడిగినా అడగనీ, నేను నడుమ రాను. పూలు మాత్రం ఎప్పటిలెక్క ఆకులనే కట్టి తే."