పెద్ద గళ్ళ పటం

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో కొన్నేళ్ళు కొత్తగూడెంలో ఒక చిన్న ప్రైవేటు ఆఫీసులో పటాలు తయారుచేసే పని చేశాను. ఉపగ్రహం తీసిన ఫొటోను కంప్యూటర్లో తెరిచి, దానిమీద గళ్ళు పరిచి, ఒక్కో గడిలో ఏది ఎక్కువుంటే గడి మొత్తానికి ఆ రంగు వేయాలి. ఇళ్ళకు ఎరుపు, చెట్లకు ఆకుపచ్చ, నీళ్ళకు నీలం. పట్నం ఎటు పెరిగింది, చుట్టూ అడవి ఎంత మిగిలింది అన్నది ఆ పటం చూసి సర్కారు తేల్చుకుంటుంది.

మొదట చిన్న గళ్ళు పెట్టాను. పటం నిండా ఎరుపు చుక్కలు చెదిరిపోయి వచ్చాయి. మా యజమాని చూసి, "ఇది పట్నమా, తట్టు పోసిన ఒళ్ళా?" అన్నాడు. గడువు దగ్గరపడుతోంది. గడి పెద్దది చేద్దామని సలహా ఇచ్చింది నేనే. వంద మీటర్ల గడి పెట్టాం. ఒక్క పూటలో చుక్కలన్నీ కలిసి పట్నం ముద్దలా నిలబడింది. నడి ఊళ్ళో ఉన్న పెరళ్ళు, చిన్న కుంటలు ఎర్రబడ్డాయి. ఊరి అంచున విడివిడిగా ఉన్న ఇళ్ళు పచ్చబడ్డాయి. అదే ఫొటో, అదే నేల. పట్నం విస్తీర్ణం మాత్రం మారిపోయింది. నాకది తెలుసు. యజమాని భుజం తట్టాడు. పటం పైకి వెళ్ళిపోయింది.

మా క్రైస్తవ సంఘంలో నెలలో మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్ల, ఆ తర్వాత అందరం కలిసి తినే ప్రేమవిందు. విందుకు విస్తళ్ళు జూలూరుపాడు రోడ్డు పక్క అడవి గూడెం నుంచి ఒక ముసలావిడ కుట్టి తెచ్చేది. మేమందరం పెద్దమ్మా అనే పిలిచేవాళ్ళం. ఆ శనివారం ఆమె విస్తళ్ళ కట్ట దించి వెళ్ళిపోకుండా మందిరం మెట్ల మీదే కూర్చుంది. గూడానికి అడవి శాఖ మనుషులు వచ్చి సున్నంతో గీతలు గీసి పోయారట. అక్కడ ఇళ్ళు లేవని, ఉన్నది అడవేనని పటంలో ఉందట. మంగళవారం నుంచి మొక్కల గుంతలు తవ్వి కంచె వేస్తారట.

"నువ్వు గా పటాల పనే చేస్తవంట గద. మా ఇండ్లు ఏడబోయినయ్ బిడ్డా?" అంది.

ఆ పటం నాదే. "పైనుంచి చూస్తే ఆకులే కనబడతాయి పెద్దమ్మా. చెట్లు కప్పేసినయి," అన్నాను.

అందులో అబద్ధమని వేలుపెట్టి చూపగల మాట ఒక్కటీ లేదు. ఆమె లేచి బస్సుకు వెళ్ళిపోయింది.

మర్నాడు బల్ల దగ్గరికి వెళ్ళేముందు ఎవరికి వారు పరీక్షించుకునే నిశ్శబ్దంలో నేను లేవలేకపోయాను. ఇంట్లో ఒక తూకం, అంగట్లో ఒక తూకం పెట్టుకునేవాణ్ణి దేవుడు చూస్తాడని సండే స్కూల్లో నేర్చుకున్నాను. నా దగ్గరా రెండు కొలతలు ఉన్నాయి. అందులో ఒకదాన్ని దాచి, తప్పు చెట్ల మీదికి నెట్టాను. రొట్టె తీసుకునే నా వంతు దాటిపోయింది. పక్కనున్న నా భార్య ఒక్కతే వెళ్ళొచ్చింది.

విందుకు కూర్చోబోతుండగా మా సంఘంలో ఆటో నడిపే సోదరుడు వచ్చాడు. గూడెం మీదుగా వస్తూ చూశాడట. "అన్నా, గూడెపోళ్ళే చెట్లు నరుకుడు షురూ జేసిన్రు. పైకెల్లి చూసేటోళ్ళకు ఇండ్లు కనబడాల్నంట."

ఆ గూడెంలో ఇప్పచెట్టంటే ఏడాది తిండి. ఏ చెట్టు ఏ ఇంటిదో అందరికీ తెలుసు, మొక్కకుండా గొడ్డలి ఆనించరు. పైగా ఫొటో తీసి నెలలు గడిచాయి. ఇప్పుడు అడవంతా నరికినా పటంలో చుక్క మారదు. చెట్లు నరికారన్న కేసు మాత్రం మీద పడుతుంది. ఇళ్ళు, చెట్లు రెండూ పోతాయి.

ముందు ఆఫీసుకు తీసుకెళ్ళమన్నాను. తాళం నా దగ్గరే ఉంది. గూడెం ఉన్న ముక్క వరకు చిన్న గళ్ళు పెట్టి మళ్ళీ లెక్క నడిపించాను. కంప్యూటరు మెల్లగా లాగుతుంటే ఎన్నిసార్లు దేవుణ్ణి పిలిచానో. పచ్చదనంలో పద్నాలుగు ఎర్ర చుక్కలు తేలాయి. కాగితం మీదికి తీసి ఆటోలో కూర్చున్నాను.

మేము వెళ్ళేసరికి ఒక చెట్టు పడిపోయి ఉంది. పెద్దమ్మ కొడుకు తమ వాకిట్లో ఇప్పచెట్టు మొదలును సగం దాకా కొట్టి చెమట తుడుచుకుంటున్నాడు. నన్ను చూసి, "రా సారు, నువ్వే గద చెట్లు అడ్డమన్నవు. మంచిగ కనబడ్తున్నమా ఇప్పుడు?" అన్నాడు.

ఆపమన్నాను. ఫొటో ఎప్పుడో తీశారని చెప్పాను. ఆ తర్వాత, అందరూ వింటుండగా, అసలు సంగతి చెప్పాను. గడి చిన్నదైతే ఇల్లు కనబడుతుందని, పెద్దదైతే ఇంటి చుట్టూ ఉన్నది ఇంటిని మింగేస్తుందని, పెద్ద గడి పెట్టమన్నది నేనేనని.

పెద్దమ్మ చెట్టు గాటు మీద అరచెయ్యి పెట్టి నిలబడింది. "అంటే తప్పు చెట్టుది గాదు."

"కాదు పెద్దమ్మా. నాది."

"నిన్ననే గీ ముచ్చట చెప్పకపోతివా," అంది.

సోమవారం పొద్దున్నే రెండు పటాలూ పట్టుకుని ఆ పని చూసే అధికారి ముందు నిలబడ్డాను. మా యజమాని కూడా వచ్చాడు, నా వైపు చూడలేదు. రెండింటిలో ఏది నిజమని అధికారి అడిగాడు. ఏ గడితో కొలిచామో పక్కన రాస్తే రెండూ నిజమేనని, రాయకుండా పంపింది మేమని చెప్పాను. నిన్న గూడెంలో లెక్కపెట్టి చూస్తే చిన్న గళ్ళలో కూడా పన్నెండు ఇళ్ళు రాలేదని, అవి మరీ చెట్ల కిందున్నాయని కూడా చెప్పాను. దాస్తే మళ్ళీ అదే పాపం. ఆయన జీపు తియ్యమన్నాడు. గూడెం అంతా కాలినడకన తిరిగి ఇరవై ఆరు గడపలూ రాసుకున్నాడు. గుంతలు ఆగాయి. పడిన చెట్టు గురించి అడిగితే నా వల్లనే పడిందని రాసి సంతకం పెట్టాను.

ఆ సాయంత్రమే యజమాని తాళం అడిగి తీసుకున్నాడు. మిగతా పటం సంగతేంటని అడిగాను. ఆ పెద్ద గళ్ళతోనే దమ్మపేట దిక్కు దాకా గీశాం. "ఒక్క గూడెం దిద్దినవు గద, ఇగ నీకేం కావాలె?" అన్నాడు.

ఆ గూడెంలో మాకు విస్తళ్ళు కుట్టే మనిషి ఉంది కాబట్టి మందిరం మెట్ల దాకా వచ్చి అడిగింది. మిగతా పచ్చటి గళ్ళ కింద ఎవరున్నారో, వాళ్ళకు ఎవరు తెలుసో నాకు తెలియదు. ఆ రాత్రి ప్రార్థనలో కూర్చుంటే క్షమించమని అడగడానికి నోరు రాలేదు. పటం నకలు ముందు పరుచుకుని, రోడ్డుకు దూరంగా ఉన్న ఒక పచ్చటి గడి చుట్టూ పెన్సిలుతో గీత గీసి, అక్కడికి బస్సు ఎన్నింటికో నా భార్యను అడిగాను.