కాబట్టక్క ఓడకు తలుపు

ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గాని, చర్చిలో అది ఎవరికీ గుర్తు లేదు. పిల్లలకే కాదు, పెద్దలకూ ఆమె కాబట్టక్కే. సండే స్కూల్లో ఏ కథ చెప్పినా చివర కాస్త ఆగి, చూపుడు వేలు పైకెత్తి, “కాబట్టి పిల్లలూ...” అనేది. ఇక ఆ వెనకే పాఠం. పొమ్మన్న చోటికి పోకుండా పారిపోయిన యోనా చేప కడుపులోంచి బయటపడ్డాడా, కాబట్టి పిల్లలూ, అమ్మ కొట్టుకెళ్ళి రమ్మంటే మంచం కింద దూరకూడదు. జక్కయ్య చెట్టు దిగి, కాజేసిన సొమ్ము తిరిగిచ్చాడా, కాబట్టి పిల్లలూ, పక్కవాడి పెన్సిలు పక్కవాడికి ఇచ్చెయ్యాలి. పెద్దవాళ్ళనూ వదిలేది కాదు. కుళాయి కారుతోందన్నా, బస్సు తప్పిపోయిందన్నా, ఆ కష్టానికి సరిగ్గా సరిపోయే మనిషి ఒకడు బైబిల్లోంచి లేచి వచ్చి ఆమె నాలుక మీద నిలబడేవాడు. వినేవాళ్ళకు ఓపిక ఉండాలి, అంతే.

వారంలో మిగతా రోజులు ఆమె బస్సు సీట్లకు కవర్లు కుట్టే షెడ్డులో పనిచేసేది. చెల్లెలిదీ అక్కడే పని. చెల్లెలు బల్ల మీద రెక్సిన్ పరిచి, సుద్దతో గీసి కోసేది. అక్క మిషను మీద కుట్టేది. చెల్లెల్ని షెడ్డులో అందరూ కత్తెర అనేవారు, చేతిలో ఉన్నదాన్నీ నోట్లో ఉన్నదాన్నీ కలిపి. ఇద్దరూ పెళ్ళి మాట ఎవరి కారణాలతో వాళ్ళు దాటేసి, ఒక గదీ వంటిల్లూ ఉన్న వాటాలో కలిసి బతికేవారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. కాబట్టక్క రచ్చ గెలిచింది, ఇంట మాత్రం ఓడింది. కత్తెర చర్చి గడప తొక్కేది కాదు. “వారమంతా మేస్త్రీ మాట వింటున్నా. ఆదివారం దిండు మాట వింటా” అనేది. అక్క పాఠాలను వెక్కిరించడంలో దానికదే సాటి. “లోతు భార్య ఒక్కసారి వెనక్కి తిరిగితేనే ఉప్పు స్తంభమైందన్నావు. గ్యాస్ కట్టానా లేదా అని నువ్వు మూడుసార్లు తిరుగుతావు. నువ్వు ఉప్పు కొట్టు పెట్టుకోవచ్చు అక్కా” అంది ఒకసారి. కాబట్టక్క మొహం చిట్లించుకుంది గాని, మిషను ముందు కూర్చున్నాక నవ్వాపుకోలేక దారం తెంపుకుంది.

వెక్కిరించే మనిషే ఆ సండే స్కూలు సామానంతా చేసిపెట్టింది కూడా. ఒక అట్ట మీద నూగున్న ఫ్లానెల్ గుడ్డ అంటించి బోర్డు చేసింది. మిగిలిన ముక్కల్లోంచి మనుషుల్నీ మేకల్నీ చెట్లనూ కోసింది. బొమ్మను బోర్డు మీద పెట్టి అదిమితే నూగుకు నూగు పట్టుకుని నిలుస్తుంది. మగబొమ్మ మాత్రం ఒక్కటే కోసింది. “ఇంకొందర్ని కొయ్యవే” అని అక్క బతిమాలితే, “అందరికీ గడ్డాలేగా, ఒకడు చాలు” అని చేతిలోని కత్తెర పక్కన పడేసింది. దాంతో మోషే, దానియేలు, యోనా, పేతురు, అందరూ ఆ ఒక్క గడ్డపాయనే. “టీచర్, ఈయన్ని పోయిన వారం సింహాలు వదిలేశాయిగా, మళ్ళీ చేప మింగిందా?” అని పిల్లలు జాలిపడేవారు.

ఓడను మాత్రం, అది పెద్దది కదా అని, వెనక ఫ్లానెల్ అంటించిన రెక్సిన్‌తో చేసింది. దాని తలుపు విడిగా కోసి, ఒక అంచున కుట్టింది. రెక్సిన్ బరువుకు ఆ తలుపు మూసినా నిలిచేది కాదు, తెరుచుకుని వేలాడేది. అక్క సణిగితే కత్తెర, “గడియ పెట్టడం నాకు రాదు. మీ దేవుణ్ణే వేసుకోమను” అంది. అప్పటినుంచి ఏటేటా నోవహు జలప్రళయం కథ వచ్చినప్పుడు కాబట్టక్క ఆ తలుపును బొటనవేలితో నొక్కిపట్టుకుని పాఠం చెప్పేది. “తలుపు పడింది. బయటివాళ్ళు ఎంత కొట్టినా ఇక తెరుచుకోదు. కాబట్టి పిల్లలూ, పిలిచినప్పుడే రావాలి.” ఆ మాట ఎవరికి తగలాలని అంటోందో ఆమెకు తెలుసు. ఆ మనిషి ఆ సమయానికి ఇంట్లో దుప్పటి ముసుగేసుకుని ఉండేది.

ముసుగేసుకున్నా ఒక పని మాత్రం మరిచేది కాదు. అక్క వెళ్ళాక తలుపు గడియ వేసుకునేది కాదు. దగ్గరగా వేసి పడుకునేది. కాబట్టక్క ఒక చేత్తో బోర్డూ ఒక చేత్తో సంచీ పట్టుకుని వచ్చి, భుజంతో తలుపు నెట్టుకుని లోపలికి అడుగుపెట్టేది. చెల్లెలు దుప్పట్లోంచి ఒక కన్ను తెరిచి, “ఈ వారం ఎవణ్ణి ముంచారు?” అని అడిగేది.

ఆ చెల్లెలు పోయింది. షెడ్డులో పట్టపగలు, రెక్సిన్ సగం కోసి, “కాస్త ఆగు అక్కా, ఊపిరాడటం లేదు” అంటూ స్పాంజి గుట్ట మీద కూర్చుంది. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది. మిగతా సగాన్ని మర్నాడు ఇంకెవరో కోశారు.

కాబట్టక్క ఏడవలేదు. ఏడుపు వస్తే ఆపుకున్నదీ కాదు, అసలు రాలేదు. చర్చి వాళ్ళు వరుసగా వచ్చారు. ఆమె ఇన్నేళ్ళుగా ఊరందరికీ పంచిన పాఠాలన్నీ, అరువిచ్చిన గిన్నెలు తిరిగొచ్చినట్టు, ఒక్కొక్కటిగా ఇంటికి వచ్చాయి. ఒకరు బిడ్డలందర్నీ పోగొట్టుకున్న యోబు గురించి చెప్పారు, ఇంకొకరు భర్తనూ కొడుకుల్నీ పోగొట్టుకున్న నయోమి గురించి చెప్పారు. ఆమె తల ఊపింది, టీ ఇచ్చింది, కప్పులు కడిగింది. “ఎంత విశ్వాసమో చూడండి, కంట తడి లేదు” అని వాకిట్లో అనుకున్నారు. అది విశ్వాసం కాదని ఆమెకు తెలుసు. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడండి, మనిషి మొత్తానికి అలా ఎక్కింది. ఒకరోజు మిషను సూది వేలిలో దిగితే, కవరు మీద మరక చూసి గాని ఆమెకు తెలియలేదు. మేస్త్రీ పరుగున వచ్చాడు. “మరక తుడిస్తే పోతుందిలెండి” అంది ఆమె.

చర్చికి వెళ్ళడం మానేసింది. కోపంతో కాదు. లేచి చీర మార్చుకుని వీధి దాటడానికి ఒక కారణం కావాలి, అది దొరకలేదు.

అలా కొన్ని వారాలు గడిచాక పాస్టరమ్మ వచ్చింది. మంచి మనిషి, గట్టిగా మాట్లాడటం కూడా రాదు. “పిల్లలు మాకెవరికీ లొంగడం లేదమ్మా. మీ గడ్డపాయన కోసం గోల. ఈ ఆదివారం మీరొస్తే చాలు. నోవహు కథ, మీకు కొట్టిన పిండేగా” అంది.

కాబట్టక్క కప్పు కింద పెట్టింది. తర్వాత, ధర అడిగినంత మామూలుగా, “మా చెల్లెలు లోపలుందా, బయటుందా?” అని అడిగింది.

పాస్టరమ్మకు అర్థమైంది. “నాకు తెలియదమ్మా” అంది. “మా పాస్టరుగారిని అడిగితే ఆయన కూడా నిద్రపట్టక దొర్లుతారు తప్ప చెప్పలేరు. మీకు వేరే కథ కావాలంటే మార్చుకోండి.”

“వద్దు” అంది కాబట్టక్క. మార్చుకున్నా ఆ కథ ఎక్కడికీ పోదు, అలమారలోనే ఉంటుంది. చెప్పక తప్పదు. చెబితే ఆ తలుపు తన వేలితో తానే మూసి, చెల్లెలు బయట ఉండిపోయిందని పిల్లల ముందు ఒప్పుకోవాలి. ఇన్నేళ్ళు చెప్పిన పాఠం నిజమైతే అంతే కదా. నిజం కాకపోతే, ఇన్నేళ్ళు ఆమె చెప్పిందేమిటి? ఈ ప్రశ్నకు కూడా ఆమె గుండె అదరలేదు. దాన్ని కుట్టవలసిన కవరులా పక్కన పెట్టుకుంది.

శనివారం షెడ్డు నుంచి వచ్చి, బొమ్మల సంచీ మంచం మీద బోర్లించింది. ఏనుగుల్లో ఒకటి తప్పిపోయింది. ఓడ అడుగున సుద్ద గీత ఇంకా ఉంది, చెల్లెలిది, ఒక్క ఊపులో గీసింది. కాబట్టక్క బైబిలు తీసింది. కథ నోటికొచ్చని చదవడం ఎప్పుడో మానేసింది. ఇప్పుడు వేలు పెట్టి, కుట్టు విప్పినంత నెమ్మదిగా చదివింది. జంతువులు ఎక్కాయి, కోడళ్ళు ఎక్కారు, నోవహు ఎక్కాడు. తర్వాత తలుపు మూసింది దేవుడు. నోవహు కాదు, అతని పిల్లలూ కాదు. ఆ ముక్క ఎప్పుడూ అక్కడే ఉంది. ఆమె బొటనవేలు మాత్రం అక్కడెక్కడా లేదు. “మీ దేవుణ్ణే వేసుకోమను” అన్న మాట గుర్తొచ్చింది. చర్చి గడప తొక్కని మనిషి తనకంటే సరిగ్గా చెప్పిందే అనుకుంది. నవ్వు మాత్రం రాలేదు.

ఆదివారం ఇంటికి తాళం వేసి, బోర్డూ సంచీ తీసుకుని వెళ్ళింది. పిల్లలు మీద పడ్డారు. గడ్డపాయన్ని చూసి చప్పట్లు కొట్టారు. ఆమె ఓడను అదిమింది, జంతువుల్ని జంటలుగా ఎక్కించింది, జత లేని ఏనుగును గాడిదతో సర్దింది. నీలం గుడ్డ పరిచి వాన కురిపించింది. గొంతు తనదే గాని ఎవరో పక్క గదిలో మాట్లాడుతున్నట్టుంది. తలుపు మూసి బొటనవేలు నొక్కింది. అందరికీ తెలుసు తర్వాత ఏమొస్తుందో.

రాలేదు.

“టీచర్, కాబట్టి చెప్పలేదు” అంది ముందు వరసలో జడల పిల్ల.

కాబట్టక్క వేలు తీసేసింది. తలుపు ఎప్పటిలాగే తెరుచుకుని వేలాడింది. పిల్లలు పకపకా నవ్వారు.

“తలుపు నోవహు వెయ్యలేదు. దేవుడే వేశాడు” అంది ఆమె. “వెయ్యడమైనా తియ్యడమైనా ఆయన పని. ఇన్నాళ్ళూ నేను నొక్కిపట్టుకున్నా. అది నా పని కాదు.”

“మరి బయటున్న వాళ్ళు?” అని అడిగింది జడల పిల్ల.

“నాకు తెలియదమ్మా.”

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కాబట్టక్కకు తెలియని సంగతి ఉంటుందని వాళ్ళకు ఆవేళే తెలిసింది. కాసేపు ఎదురుచూసి, ఇక పాఠం లేదని తేలాక, చెప్పుల కోసం పరుగెత్తారు.

ఆమె బొమ్మలు సర్దుకుంది. మనసు తేలికపడిందా అంటే, లేదు. బొటనవేలు తేలికపడింది, అంతే. దారిలో ఎండ ఉందో మబ్బు ఉందో కూడా ఆమె గమనించలేదు. కాళ్ళకు దారి తెలుసు కాబట్టి ఇల్లు వచ్చింది.

ఒక చేతిలో బోర్డు, ఒక చేతిలో సంచీ. ఆమె భుజంతో తలుపు నెట్టింది.

తలుపు కదల్లేదు. ఇంకాస్త గట్టిగా నెట్టింది.

“గడియ ఎందుకేశావే, తియ్యి” అంది విసుగ్గా.

లోపల్నుంచి ఎవరూ పలకలేదు. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున తాళం వేసింది తానేనని. తాళంచెవి సంచీలోనే ఉంది. బోర్డు చేతిలోంచి జారి మెట్ల మీద పడింది. గడ్డపాయనా మేకలూ చెల్లాచెదురయ్యాయి. వాటి మధ్యనే ఆమె కూలబడి, తలుపుకు తల ఆనించి ఏడ్చింది. ఆ ఏడుపు వీధి చివరిదాకా వినిపించింది.

పక్కవాటా ఆవిడ కంగారుగా వచ్చింది. “ఏమైందమ్మా, తాళంచెవి పోయిందా?”

“లేదు, ఉంది” అంది కాబట్టక్క. సంచీలో వెతికి, తీసి, గుప్పిట్లో పట్టుకుంది. “కాసేపు బయటే కూర్చుంటాను.”