మొదటి ఎత్తుకే అంత బరువా, బావా!

మూడు వారాల కిందట, గురువారం పొద్దున్న మా బావ పోయాడు. మా అప్ప మొగుడు. మన తెలుగు హాలు వెనక గది ఊడ్చి ఇంటికొచ్చి, టీ పెట్టమని కుర్చీలో కూర్చున్నాడు. టీ వచ్చేసరికి మనిషి లేడు.

ఆయన గురించి రాసే ముందు నా కడుపుమంట ఒకటి చెప్పాలి. బిలాస్‌పూర్‌లో మన తెలుగువాళ్ల హాలులో పేర్ల బోర్డు ఉంది. కుర్చీలు ఇచ్చినవాడి పేరుంది. ఫ్యాను ఇచ్చినవాడి పేరుంది. రైల్వే తరఫున దేశమంతా తిరిగి బరువులెత్తి, పతకాలు తెచ్చి, ఆ ఆట మీదే ఉద్యోగం సంపాదించిన మనిషి పేరు లేదు. హాలు కమిటీని ఏళ్ల తరబడి అడిగాను. చూద్దాం అన్నారు, చూడలేదు. ఆయన మాత్రం ఒక్కసారీ అడగలేదు. "నీకేటి బావా, ఖాళీగున్నావు. ఒచ్చి ఆ ప్లేట్లు తుడు" అని నన్ను చూసే నవ్వేవాడు. నన్నూ బావా అనే పిలిచేవాడు.

ప్లేట్లంటే బార్‌కి రెండు పక్కలా తొడిగే ఇనప బరువులు, ఇక్కడి సిర్గిట్టి కార్ఖానాల్లో చేయించినవి. పోటీలు మానేశాక, రైల్వే షెడ్‌లో డ్యూటీ దిగి, సాయంత్రాలు ఆ వెనక గదిలో పిల్లలకి నేర్పేవాడు. రిటైరయ్యాక కూడా మానలేదు. చివరికి ఆడపిల్లలే మిగిలారు. ఓసారి బరువు లేవలేదని ఒక పిల్ల కోపంతో బార్‌ని తన్నింది. "ఓలమ్మీ, ఇనుమేటి సేసిందే నిన్ను? ఇంటికెళ్లి అన్నం తిని తొంగో. రేపు రా" అన్నాడు. నేనైతే చెంప పగలగొట్టేవాణ్ణి.

నా సంగతి అంతే. మా అమ్మాయి ఇక్కడి ఛత్తీస్‌గఢీ కుర్రాణ్ణి చేసుకుంటానన్నప్పుడు, ఇక నా గుమ్మం తొక్కొద్దన్నాను. తెలిసి బావ వచ్చాడు.

"ఏటి బావా, మొదటి ఎత్తుకే అంత బరువెట్టీసినావు?"

"నాను అన్నానంటే అన్నట్టే."

"అచ్ఛా. మా ఆటలో బార్ మీద బరువు పెంచడమే గాని తగ్గించడం లేదు. అందుకే ముందు తప్పకుండా లేసేదే పెట్టుకుంటాం. కూతుర్ని సూడకండా ఉండడం నీకు లేస్తదా?"

నేను పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

"ఇది ఆట కాదు, ఇల్లు. ఇక్కడ తగ్గించుకోవచ్చు. ఎవడూ నవ్వడు" అని లేచి వెళ్లిపోయాడు.

ఏడు నెలలు పట్టింది నాకు. తగ్గించుకున్నాను. ఆయనే స్కూటర్ మీద నన్ను కూతురింటికి తీసుకెళ్లాడు. దారి పొడుగునా వానల గురించి మాట్లాడాడు గాని, ఆ మాట మళ్లీ ఎత్తలేదు. అంత గెలిచినా గెలిచినట్టు కనబడని మనిషిని నేను ఇంకొకణ్ణి చూడలేదు. మీ ఇళ్లలోనూ పిల్లల్ని ఏదైనా అనే ముందు, ఆ మాట మీరు మోయగలరో లేదో చూసుకోండి.

ఆ కూతురి కూతురే బావ దగ్గర చివరిదాకా నేర్చుకున్న ఆరుగురిలో ఒకర్తె. వచ్చే నెల వాళ్లకి పోటీ ఉంది. పదమూడో రోజున కమిటీ ఆ గదికి తాళం వేసింది. శామియానా సామాను పెట్టుకోవాలట. వెళ్లి అడిగాను.

"తాతా, నేర్పీవోడు పోయాడు కదా. ఇంక గదెందుకు?" అన్నాడు సెక్రటరీ.

"నేర్చుకునీవోళ్లు బతికే ఉన్నారు కదరా!" అన్నాను.

చూద్దాం అన్నాడు.

అప్పట్నుంచి ఆ ఆరుగురూ హాలు వరండాలో వరసగా నిలబడి, ఉత్త వెదురుకర్రలు తలపైకి ఎత్తుతున్నారు. పెద్ద పిల్ల చిన్నవాళ్ల మోచేతులు సరిచేస్తోంది. ఎత్తి, నిలబెట్టి, మెల్లగా నేల మీదికి దించుతున్నారు. వెదురుకి చప్పుడే ఉండదు.

బావ మాసికం పై శనివారం. ఆ పొద్దుటికల్లా గది తెరుస్తారో తెరవరో కమిటీవాళ్లు నాకు కాగితం మీద రాసివ్వాలి. చూద్దాం అంటే ఊరుకోను.